కొత్త వాచీ కొనలేదు, ఉన్నదానికే బెల్టులు మార్చాను: సీమాస్టర్ మార్పుల రివ్యూ

చివరిదాకా చదివే ఓపిక లేనివాళ్ల కోసం ముందే తేల్చి చెప్పేస్తాను. ఖరీదైన వాచీ మీద మోజు తగ్గితే, దాన్ని అమ్మేసి ఇంకోటి కొనే ముందు ఒక మంచి రబ్బరు బెల్టు వేసి చూడండి, తర్వాత చేత్తో కుట్టిన తోలు బెల్టు. మెరుగు పెట్టించడం, నల్ల కోటింగ్ వేయించడం, డయల్ రంగు మార్పించడం, రాళ్లు పొదిగించడం, వీటి జోలికి మాత్రం పోకండి. ఎందుకో రాస్తున్నాను, కాస్త పొడుగే.

నా దగ్గరున్నది ఒమేగా సీమాస్టర్ డైవర్ 300ఎమ్, నీలం డయల్, స్టీలు చైను. ఈ వరస 1993లో మొదలైంది, పాతికేళ్లు నిండిన సందర్భంగా 2018లో మొత్తం కొత్తగా తీర్చిదిద్దారు, నాది ఆ కొత్త తరం. డయల్ సిరామిక్, దాని మీద లేజర్‌తో చెక్కిన అలలు, చుట్టూ తిరిగే రింగు కూడా సిరామిక్, పదంకె దగ్గర హీలియం వదిలే బుడిపె (నేను సముద్రంలో మోకాలి లోతు దాటి దిగను, అయినా అది ఉంది). లోపల 8800 అనే మెషీన్, చేతి నుంచి తీసి పక్కన పెట్టినా 55 గంటలు నడుస్తుంది, 15,000 గాస్‌ల అయస్కాంతాన్ని తట్టుకుంటుందని స్విస్ ప్రభుత్వ కొలమానాల సంస్థ మెటాస్ పరీక్ష పెట్టి ముద్ర వేస్తుంది. ఫోను మీద, ల్యాప్‌టాప్ మీద, స్పీకర్ మీద ఎక్కడ పడేసినా దానికేం కాలేదు. అంటే వాచీలో లోపం లేదు. మరి సమస్యేంటంటే, రోజూ అదే చేతికి అదే చైను వేసుకుని వేసుకుని టైమ్ చూసుకోవడం తప్ప దాన్ని చూడటం మానేశాను. పైగా నా మణికట్టు సన్నం. 42 మిల్లీమీటర్ల వాచీకి స్టీలు చైను కూడా కలిస్తే సాయంత్రానికి చెయ్యి బరువెక్కినట్టు ఉంటుంది. లావు చేతులవాళ్లకు అదే చైను బ్రహ్మాండంగా ఉంటుంది, మా బావ చేతికి పెట్టి చూశాను కాబట్టి తెలుసు.

ఇలాంటప్పుడు ఎవరైనా చేసేది ఉన్నదాన్ని అమ్మి, పైన కొంత వేసి ఇంకోటి తెచ్చుకోవడం. నేనూ లెక్క వేశాను. వాడిన వాచీ కొనేవాడు ముందు డబ్బా అడుగుతాడు, తర్వాత వారంటీ కార్డు, ఆ తర్వాత గీతలు లెక్కపెట్టి ధర కోస్తాడు. కొత్తదాని మీద 18 శాతం జీఎస్టీ మళ్లీ మొదటినుంచి కట్టాలి. ధర 10 లక్షలు దాటితే 2025 ఏప్రిల్ 22 నుంచి 1 శాతం టీసీఎస్ (అమ్మేవాడే వసూలు చేసి మన పేరున కట్టే ఆదాయపన్ను) కూడా పడుతోంది, ఆ డబ్బు రిటర్నులో సర్దుకోవచ్చుగానీ బిల్లు కట్టేరోజు జేబులోంచే పోతుంది. ఇంకోపక్క స్విట్జర్లాండ్ ఉన్న ఎఫ్టా అనే యూరప్ దేశాల కూటమితో మన వాణిజ్య ఒప్పందం 2025 అక్టోబరు 1 నుంచి అమల్లోకి వచ్చింది, దాని ప్రకారం స్విస్ వాచీల మీద కస్టమ్స్ సుంకం విడతలుగా తగ్గుతూ పోవాలి. తగ్గుతుందని తెలిసి ఇప్పుడే ఎగబడి కొనడం ఎందుకని ఆగాను. ఆగినప్పుడు మొదలైంది ఈ మార్పుల పిచ్చి.

మొదలుపెట్టే ముందు ఒక్క షరతు పెట్టుకున్నాను. ఏ మార్పు చేసినా, ఆదివారం మధ్యాహ్నం ఇంట్లో కూర్చుని వాచీని మళ్లీ షోరూంలోంచి వచ్చినట్టు చేయగలగాలి. చేయగలిగితే చేద్దాం, లేకపోతే వద్దు. కింద రాసిన మంచీ చెడ్డా అంతా ఈ షరతుతోనే తూచాను, మీకు ఈ షరతు నచ్చకపోతే నా మార్కులూ నచ్చవు.

చవకది కాబట్టి మొదట నైలాన్ బెల్టు. అందరూ నాటో బెల్టు అంటారుగానీ ఆ కూటమితో దానికి పెద్ద సంబంధం లేదు. 1973లో బ్రిటన్ రక్షణ శాఖ తమ సైనికుల కోసం ఇచ్చిన కొలతల్లోంచి పుట్టింది, అప్పుడది బూడిద రంగులో 20 మిల్లీమీటర్ల వెడల్పుతో ఉండేది. నా వాచీకీ సరిగ్గా 20 మిల్లీమీటర్లే కావాలి, అందుకని వెతుక్కోవలసిన పని లేదు, వందల్లో దొరుకుతాయి. దాంట్లో ఉన్న తెలివి ఏంటంటే, పట్టీ, వాచీకి బెల్టుని పట్టి ఉంచే రెండు పిన్నుల కిందుగా ఏకంగా వెళ్తుంది, ఒక పిన్ను ఊడినా వాచీ కిందపడదు, రెండోదాని మీద వేలాడుతుంది. బైకు మీద తిరిగేవాళ్లకు ఇది చిన్న విషయం కాదు. ఇబ్బంది ఏంటంటే వాచీ వెనక రెండు పొరల గుడ్డ వచ్చి చేరుతుంది. సీమాస్టర్ అసలే పదమూడున్నర మిల్లీమీటర్ల పైచిలుకు మందం, దాని కింద ఈ పొరలు కూడా చేరితే ఫుల్ చేతుల చొక్కా కఫ్‌లో దూరదు. వెనక అద్దంలోంచి మెషీన్ కనిపించే వాచీ ఇది, ఆ అద్దం కూడా గుడ్డ కింద దాక్కుంటుంది. ఒకే పొర ఉండే రకం కొంటే మందం బాధ కొంత తీరుతుంది. చెమటకు వాసన కొడుతుంది, రాత్రి సబ్బు నీళ్లలో నానేసి ఫ్యాన్ కింద ఆరేస్తే పొద్దున్నకి తయారు. సెలవుల్లో, ఊళ్లో, పెళ్లిపనుల్లో పరుగులు పెట్టేటప్పుడు బాగుంది. ఆఫీసుకి వద్దు.

తోలు బెల్టు గురించి ఎక్కువ రాస్తాను, ఎందుకంటే ఇందులోనే మజా ఎక్కువ, నిరాశా ఎక్కువే.

ఆన్‌లైన్‌లో దొరికే తోలు బెల్టులు చాలావరకు మెషీన్ కుట్టువి. చూడటానికి బాగానే ఉంటాయి, బకిల్ దగ్గర రోజూ వంగే చోట పొరలు విడిపోవడంతో వాటి కథ ముగుస్తుంది. హైదరాబాద్ పాతబస్తీ వైపు చేతిసంచులు, పర్సులు కుట్టే ఒక పెద్దాయన ఉన్నాడు, అందరూ చాచా అంటారు. ఆయన వాచీ బెల్టులు కూడా చేస్తాడని ఎవరో చెబితే వెళ్లాను. వాచీ ధర తెలిసీ తెలియగానే ఆయన అన్న మొదటి మాట, "వాచీ ఈడ పెట్టి పోకుండ్రి సార్, కొలత తీస్కుంట, తీస్కపోండ్రి." అక్కడే నమ్మకం కుదిరింది. వాచీ బెల్టు మార్చడానికి రెండు రోజులు ఉంచి వెళ్లమనే షాపులు చూశాను మరి.

ఆయన వెర్నియర్ తీసి లగ్స్ మధ్య (అంటే పిన్ను దూరే ఆ రెండు కొమ్ముల మధ్య) కొలిచాడు, నా మణికట్టు చుట్టు దారంతో కొలిచాడు, తర్వాత వాచీని అరచేతిలో పెట్టుకుని ఊపి చూశాడు. తల బరువు చూస్తున్నాడట. తల బరువైన వాచీకి పల్చటి బెల్టు వేస్తే అది చేతి మీద నిలవదు, పక్కకి ఒరిగిపోతుంది. అందుకని లగ్స్ దగ్గర నాలుగున్నర మిల్లీమీటర్ల మందం, బకిల్ దగ్గరికి వచ్చేసరికి అందులో సగం. వెడల్పు పైన 20, కింద 18. షాపుల్లో అమ్మే మామూలు బెల్టులో పొడుగు ముక్క 115 నుంచి 120 మిల్లీమీటర్లు, బకిల్ ముక్క 75 ఉంటుంది, నా చేతికి ఆ కొలత వేస్తే బకిల్ మధ్యలోకి రాదు, ఓ పక్కకి పోతుంది. ఆయన రెండు ముక్కలూ తగ్గించి కోశాడు. ఇన్నేళ్లుగా చేతి కింద బకిల్ సరిగ్గా నడిమధ్యలో కూర్చోవడం అంటే ఏంటో నాకు తెలియదు. సన్నచేతులవాళ్లకి ఈ ఒక్క కారణం చాలు, చేయించుకోవడానికి.

కుట్టు రెండు సూదులతో. ఒకే దారానికి రెండు కొసలా రెండు సూదులు, ఒకే బెజ్జంలోంచి రెండూ అటూ ఇటూ దాటతాయి. మెషీన్ కుట్టులో ఒక చోట దారం తెగితే వరసగా ఊడొస్తుంది, ఇందులో తెగినచోటే ఆగిపోతుంది. అంచులకి రంగు పూయమంటారా, రుద్ది నునుపు చేయమంటారా అని అడిగాడు. రంగైతే మొదట్లో మెరుస్తుంది, తర్వాత పొట్టులా లేస్తుంది. రుద్దించడమే మంచిది.

తోలు గురించి నాకు కొత్తగా తెలిసిన సంగతి ఒకటి చెప్పాలి. ఆయన దగ్గర రెండు రకాలు. ఒకటి క్రోమ్‌తో ఊనిన (అంటే పచ్చితోలు కుళ్లకుండా పదును చేసిన) తోలు, మెత్తన, నీళ్లకి కొంచెం ఓర్చుకుంటుంది. రెండోది చెట్ల బెరడుతో ఊనినది. మన దక్షిణాదిలో, ముఖ్యంగా తమిళనాడు వైపు, ఈస్ట్ ఇండియా తోలు అని ఎగుమతికి పేరుపడ్డ రకం ఒకటుంది, పాత పద్ధతిలో దాన్ని తంగేడు బెరడుతో ఊనేవాళ్లు, ఆఖర్న కరక్కాయ నీళ్లలో ముంచేవాళ్లు. బతుకమ్మలో పేర్చే తంగేడే. నా స్విస్ వాచీకి తంగేడు తోలు అనుకోగానే ఇంకేం ఆలోచించకుండా అది కావాలన్నాను. చాచా నవ్వి, ఇప్పుడు తంగేడెవరు వాడతారు, తుమ్మ జాతి చెట్టు బెరడు రసం బయట్నుంచి వస్తుంది, అదే వాడతారు అన్నాడు. సరే అదే ఇవ్వమన్నాను.

బెల్టు వచ్చాక మొదటి వారం పండగే. నీలం డయల్ పక్కన ముదురు గోధుమ రంగు తోలు, తేనెరంగు దారం. అదే వాచీ అంటే నేనే నమ్మలేకపోయాను. ఒక పెళ్లిలో మా బావ నా చెయ్యి పట్టుకుని తిప్పి తిప్పి చూసి, "ఏం బావా, ఇంకోటి కొన్నావా, చెప్పనే లేదు" అన్నాడు. ఆయన చేతికేమో దుబాయ్‌లో కొన్న బంగారం, స్టీలు కలిసిన రోలెక్స్, దాన్ని మాత్రం ఎవరూ తిప్పి చూడలేదు.

ఇక నిరాశ. తిన్నగా కోసిన బెల్టు కదా, వాచీ కేసుకీ బెల్టుకీ మధ్య సందు కనపడుతుంది. ఒకసారి కంట్లో పడితే ఇక రోజూ కనిపిస్తుంది. చాచాకి చెబితే కొస వంపుగా ఉండేట్టు మళ్లీ చేసిచ్చాడు, దాంతో సందు చాలావరకు పోయింది, కానీ వంపు కొస ఉన్న బెల్టు పిన్ను ఎక్కించడం చేతకాని పనిలా ఉంటుంది, ఓపిక కావాలి. అసలైన శత్రువు చెమట. బెరడు తోలు చెమటని తాగేస్తుంది. ఏప్రిల్ వచ్చేసరికి లోపలి వైపు నల్లబడింది, బెజ్జాల చుట్టూ మరకలు. అదో అందం అనేవాళ్లున్నారు, వాళ్లు విజయవాడలో మే నెల గడిపిన మనుషులు కారని నా అనుమానం. అక్టోబరు నుంచి ఫిబ్రవరి దాకా తోలు, మిగతా కాలం లోపల పెట్టేయడం, ఇదే పద్ధతి. ఖర్చు నాలుగు వేల చిల్లర. ఆ పనితనానికి తక్కువే అడిగాడనిపించింది.

మొసలి తోలు గురించి అడిగేవాళ్లుంటారు. బయటిదేశం నుంచి తెప్పించాలంటే అది అరుదైన జీవుల వ్యాపారాన్ని అదుపు చేసే సైటీస్ అనే అంతర్జాతీయ ఒప్పందం కిందికి వచ్చే సరుకు, కాగితాలు లేకుండా పార్సెల్ కస్టమ్స్‌లో ఆగితే దానికి నీళ్లొదులుకోవడమే. మొసలి చారలు అచ్చుగుద్దిన ఆవుతోలు వేసుకుంటే చూసేవాడికి తేడా తెలియదు, తెలిసినవాడు ఏమీ అనడు.

రబ్బరు దగ్గరికొద్దాం. రబ్బరు బెల్టు అనగానే స్కూల్లో పెట్టుకున్న డిజిటల్ వాచీ గుర్తొచ్చి చాలామంది మొహం చిట్లిస్తారు, నేనూ అందుకే దీన్ని చివరికి నెట్టాను. ఇప్పుడు ఏడాదిలో ఎక్కువ రోజులు నా చేతికున్నది అదే. సిలికాన్ కొనకండి, మెత్తగా ఉంటుందిగానీ జేబులోని నూగు, గాల్లోని దుమ్ము అంతా పట్టేసుకుని మధ్యాహ్నానికి బూడిద రాసుకున్నట్టు తయారవుతుంది. ఎఫ్‌కేఎమ్ అని రాసి ఉన్నది అడగండి. ఇంజన్లలో నూనె, వేడి తగిలే చోట సీళ్లకి వాడే జాతి రబ్బరు అది, చెమటకీ సన్‌స్క్రీన్‌కీ లొంగదు, దుమ్ము అంటదు, కుళాయి కింద పెట్టి కడిగేస్తే కొత్తదే. వాచీ కంపెనీ సొంత రబ్బరు బెల్టు కేసు వంపుకి అతికించినట్టు కూర్చుంటుంది, సందు అన్న మాటే ఉండదు. బయటివాళ్లు చేసే వంపు కొసల రబ్బరు బెల్టులు ధరలో బాగా తక్కువ, అతకడంలో ఓ వెంట్రుకవాసి తేడా. నేను బయటిదే తీసుకున్నాను, నల్లది, పది వేలకి అటూ ఇటూ అయింది. తూకం సగానికి సగం తగ్గినట్టుంది, పిల్లాణ్ని ఎత్తుకున్నా గీసుకోదు, స్కూటర్ మీద ఎండలో వెళ్లొచ్చినా చెయ్యి ఎర్రబడదు. ఎండాకాలం మధ్యాహ్నం చెయ్యి ఉబ్బినప్పుడు ఒక బెజ్జం వదులు చేసుకోవాలి, ఈ ఒక్క విషయంలో స్టీలు చైనే గొప్ప, దాని క్లాస్ప్‌లో (చైను మూసే కొక్కెంలో) మీట నొక్కి కొద్దికొద్దిగా సర్దుకోవచ్చు.

ఆఫీసులో తోలులాగా కనపడాలి, లోపల రబ్బరు ఉండాలి అనుకునేవాళ్లకి ఆస్ట్రియాలో క్లాగెన్‌ఫర్ట్ ఊరి హిర్ష్ కంపెనీ రెండూ కలిపిన రకం చేస్తుంది, పైన తోలు, చర్మానికి తగిలేది రబ్బరు. మా కొలీగ్ దగ్గరున్నది కొన్నాళ్లు పెట్టుకుని చూశాను. కోస్తాలో ఉక్కబోతకి తోలు వేసుకోవాలన్న కోరిక తీరాలంటే ఇదొక్కటే దారి. కొంచెం దళసరిగా ఉంటుంది, చేతికి అలవాటు పడటానికి టైమ్ పడుతుంది.

బెల్టు ఏదైనా మార్చేది మీరే నేర్చుకోండి. ఒక మాల్‌లోని షాపులో (పేరు వద్దు) కుర్రాడు మాట్లాడుతూ మాట్లాడుతూ పనిముట్టు జార్చి లగ్ లోపలివైపు గీత పెట్టాడు, పెట్టి, "లోపలే కదా సార్, కనపడదు" అన్నాడు. నాకు కనపడుతుంది. స్విట్జర్లాండ్‌లో లె లోక్ల్ ఊరి బెర్జాన్ కంపెనీది ఈ పనికే చేసిన పిన్ను తీసే పనిముట్టు ఉంటుంది, 6767 నంబరు, సన్న కొస ఉన్నది తీసుకోండి. లగ్స్ మీద లోపలా బయటా పేపర్ టేపు అంటించి, మంచం మీద దుప్పటి పరిచి పని చేయండి, పిన్ను స్ప్రింగు కాబట్టి ఎగిరితే గచ్చు మీద దొరకదు. పిన్ను దగ్గర పిసినారితనం వద్దు. లక్షల వాచీ చేతి మీద ఆగేది ఆ రెండు పిన్నుల వల్లే. కొస మందం కేసు రంధ్రానికి సరిపోయేది, మంచి కంపెనీది వాడండి, బెల్టుతో పాటు ఉచితంగా ఇచ్చేవి పారేయండి. పెట్టాక క్లిక్‌మన్న చప్పుడు విని, బెల్టు పట్టుకుని రెండు వైపులా లాగి చూడాలి.

చైను మాత్రం ఎవరు ఎంత అడిగినా అమ్మొద్దు. కొనేటప్పుడే చైను ఉన్న మోడల్ కొనమని నా సలహా. బెల్టులు తర్వాత ఎన్నైనా తెచ్చుకోవచ్చు, చైను విడిగా కొనాలంటే ధర విని కూర్చోవాల్సిందే.

చైను మీద చిన్న మార్పు ఒకటి చేయించాను. వాచీ వెనక అద్దం కాబట్టి చెక్కించడానికి చోటు లేదు, క్లాస్ప్ లోపలి రేకు మీద తెలుగులో "శ్రీరస్తు" అని చెక్కిద్దామనుకున్నాను. నగల షాపులో లేజర్ మెషీన్ ఉంది, ఇంగ్లీషు అక్షరాలు నిమిషంలో వేసిస్తారు. తెలుగు టైపు చేసేసరికి వాళ్ల సాఫ్ట్‌వేర్‌లో వత్తులన్నీ విడిపోయి పొల్లులతో పక్కపక్కన నిలబడ్డాయి. అదృష్టం, ముందు ఒక ఇత్తడి ముక్క మీద వేసి చూపించమన్నాను. పరిష్కారం చెప్పింది మా వీధిలో ఫ్లెక్సీలు వేసే కుర్రాడు, అను అనే తెలుగు ఫాంటులో టైపు చేసి, అక్షరాల్ని గీతలుగా మార్చి ఫైలు ఇచ్చాడు, డబ్బులు కూడా తీసుకోలేదు. అది పెడితే చక్కగా వచ్చింది, వత్తులన్నీ ఎక్కడివక్కడే. తెలుగులో ఏదైనా చెక్కించాలనుకునేవాళ్లు ఈ మాట గుర్తుపెట్టుకోండి, మీ ఫైలు మీరే తీసుకెళ్లండి. ఇది నా షరతుకి విరుద్ధం కాదా అంటే, విరుద్ధమే, కాకపోతే వాచీ కేసు ముట్టుకోలేదు, లోపలివైపు రేకు, మూస్తే కనపడదు. అంతవరకు నన్ను నేను క్షమించేశాను.

ఇక వద్దన్న నాలుగూ.

మెరుగు. గీతలు పోతాయి అంటారు. గీత అనేది లోహంలో పల్లం, దాన్ని పోగొట్టాలంటే చుట్టూ ఉన్న లోహాన్ని అంత లోతుకీ అరగదీయాలి. సీమాస్టర్ లగ్స్ మెలితిరిగి ఉంటాయి, ఒక పక్క అద్దంలా, ఒక పక్క సన్నగీతల గరుకు, రెండూ కలిసేచోట కత్తిలాంటి అంచు. ఆ అంచే దాని అందం. నగలు మెరిపించే చక్రం మీద ఒకసారి పెడితే ఆ అంచు కరిగిపోయి లగ్స్ నాని పోయిన సబ్బుబిళ్లలా గుండ్రంగా అయిపోతాయి. పోయిన లోహాన్ని లేజర్ వెల్డింగ్‌తో మళ్లీ నింపి అంచులు తీర్చేవాళ్లు విదేశాల్లో ఉన్నారు, ఆ ఖర్చుకి మామూలు వాచీ ఒకటి వస్తుంది. గీతలు ఉండనివ్వండి.

నల్ల కోటింగ్. డీఎల్‌సీ అంటారు, వజ్రంలో ఉన్నట్టే కార్బన్‌ని పల్చటి పొరగా స్టీలు మీద కూర్చోబెడతారు, స్టీలు కంటే ఎన్నో రెట్లు గట్టిది, అందులో అబద్ధం లేదు. లండన్‌లో జార్జ్ బామ్‌ఫర్డ్ అనే ఆయన రోలెక్స్‌లని ఇలా నల్లగా మార్చి పేరు తెచ్చుకున్నాడు, కంపెనీలకి అది నచ్చేది కాదు, తర్వాత 2017లో జెనిత్, ట్యాగ్ హోయర్ వాచీ కంపెనీలు ఆయన్నే అధికారికంగా దగ్గరికి తీసుకున్నాయి. ఆ దారిలో వెళ్తే కంపెనీ ఆమోదంతో నల్ల వాచీ వస్తుంది. మన ఊళ్లో చేయిస్తే ఏమవుతుందంటే, మొత్తం వాచీ విప్పాలి, మెషీన్ తీసి పక్కన పెట్టాలి, కోటింగ్ అయ్యాక కొత్త సీళ్లు వేసి బిగించి నీటి పరీక్ష చేయాలి, వాచీ 300 మీటర్ల లోతు తట్టుకుంటుంది అన్న మాట ఆ బిగించిన చేతుల మీద ఆధారపడుతుంది. పొర గట్టిదైనా కింద స్టీలు మెత్తనే, గట్టిగా తగిలితే సొట్టతో పాటు పొర కూడా లేస్తుంది, నలుపులో తెల్లమచ్చ. దాన్ని తీసేయాలంటే మళ్లీ విప్పడం, రసాయనాలు, మళ్లీ మెరుగు. పోనీ వారంటీ? ఒమేగాకి 5 ఏళ్లు, దానికి అక్కడితో నమస్కారం.

డయల్. పాత హెచ్‌ఎమ్‌టీలకీ సీకోలకీ కొత్త రంగు డయల్ వేసి అమ్మే వ్యాపారం మన దేశంలో ఎప్పటినుంచో ఉంది, రెండు వేల వాచీకి సరదాగా బాగానే ఉంటుంది. లక్షల వాచీకి అదే చేస్తే కొనేవాడు అసలు డయల్ ఏదని అడుగుతాడు. అమెరికాలో పాత రోలెక్స్‌ల డయళ్లకి రంగులు వేసి అమ్మిన లా కాలిఫోర్నియెన్ అనే కంపెనీ మీద 2019లో రోలెక్స్ కోర్టుకెళ్లింది. స్విట్జర్లాండ్‌లోనే ఆర్టిసాన్స్ ద జెనీవ్ అని ఒక సంస్థ ఉంది, మోంటోయా, బారికెల్లో లాంటి ఫార్ములా వన్ డ్రైవర్ల కోసం రోలెక్స్ డేటోనా మోడల్ వాచీల్ని లోపల యంత్రం కనపడేట్టు తొలిచి చేసిచ్చింది, చూస్తే కళ్లు తిరుగుతాయి. దాని మీద కూడా రోలెక్స్ కేసు వేసింది. 2024 జనవరిలో అక్కడి అత్యున్నత కోర్టు చెప్పిందేంటంటే, సొంతదారు తన వాచీ తెచ్చి తన వాడకం కోసం మార్చమంటే మార్చిపెట్టడం తప్పు కాదు, మార్చిన వాచీల్ని బ్రాండు పేరుతో బజారులో అమ్మడం వేరే సంగతి అని. కాబట్టి మన వాచీ మనిష్టం అన్నది కోర్టు సాక్షిగా నిజం. కానీ మార్చిన వాచీకి సర్వీసు చేస్తారా అంటే అది కంపెనీ ఇష్టం, ఆ విషయంలో కోర్టు మనకి సాయం రాదు.

రాళ్లు పొదిగించడం గురించి ఒక్క మాట. హైదరాబాద్‌లో చేసేవాళ్లకి కొదవ లేదు, పనితనం కూడా గొప్పగా ఉంటుంది, రింగు చుట్టూ వజ్రాలు కూర్చి ఇస్తారు. సిరామిక్ రింగుకి ఎలాగూ కుదరదు, తీసి బంగారపు రింగు వేయాలి. కుదిరే వాచీలకైనా, రాళ్ల కోసం తొలిచిన లోహం తిరిగి రాదు, రేపు అమ్మబోతే రాళ్లకి రాళ్ల ధర, వాచీకి తగ్గిన ధర, రెండూ కలిపినా మీరు పెట్టింది రాదు. మా బావ తన రోలెక్స్‌కి చేయిద్దామని ఊగిపోతుంటే పట్టుకుని ఆపి, ప్రస్తుతానికి చాచా దగ్గరికి తీసుకెళ్లాను. చాచా నల్ల తోలు బెల్టు వేయమని చెప్పాడు. బంగారం కలిసిన చైను తీసేస్తే ఆ వాచీ సగం చిన్నదై, పెద్దమనిషిలా కనపడింది. బావకి ఇంకా నచ్చలేదు, ఐదారుగురు అడిగితే నచ్చుతుంది.

చాచా షాపు అడ్రసు అడగొద్దు. ఒక్కడే కుట్టుకునే మనిషి, ఇప్పటికే వారం అంటే మూడు వారాలు చేస్తున్నాడు, నా ఆకుపచ్చ బెల్టు ఇంకా ఆయన దగ్గరే ఉంది.